ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో, కాలేజీ ఔటర్ అవతల: ఫస్టియర్‌లో హాస్టలా, రోజూ ప్రయాణమా?

దిల్‌సుఖ్‌నగర్ అమ్మ

మా పాపకు ఈ ఏడాది బీటెక్ సీటు వచ్చింది. కాలేజీ ఔటర్ రింగ్ రోడ్డు దాటాక సంగారెడ్డి వైపు, హైవే మీంచి ఇంకో 3 కిలోమీటర్లు లోపలికి. చుట్టూ చెలకలు, గేటు ముందు ఒక టీకొట్టు, ఒక జిరాక్స్ షాపు. హాస్టల్ తప్పనిసరి కాదన్నారు. మా ఆయన హాస్టలే అంటారు. మా అత్తగారేమో ‘ఊళ్లో ఇల్లు పెట్టుకుని ఆడపిల్లను అడవిలో ఉంచుతారా’ అని రోజూ గొడవ.

మొన్న నేనూ పాపా ఒకసారి వెళ్లి చూశాం. మెట్రోలో మియాపూర్, అక్కడి నుంచి పటాన్‌చెరు బస్సు, మళ్లీ సంగారెడ్డి బస్సు, చివర్లో షేర్ ఆటో. ఉదయం ఆరున్నరకు ఇంట్లో బయల్దేరితే గేటు దగ్గర దిగేసరికి తొమ్మిదికి ఐదు నిమిషాలు తక్కువ. బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితంగా మహాలక్ష్మి జీరో టికెట్ ఉంది కాబట్టి ఖర్చు పెద్ద లెక్క కాదు. పిల్ల ఒళ్లు తట్టుకుంటుందా అన్నదే టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మూడో ఏడు మెకానికల్

అక్కా, హాస్టల్‌లో వేసేయండి. నేను మొదటి సెమిస్టర్ మొత్తం నాగోల్ నుంచి తిరిగాను. అమీర్‌పేటలో లైను మారేటప్పుడు మెట్లమీద నిద్రపోతూ నడిచేవాణ్ణి, అబద్ధం కాదు. ఇంటికొచ్చేసరికి ఏడున్నర, తిని కూర్చుంటే పుస్తకం ముందే కునుకు. ప్రయాణంలో చదువుకోవచ్చు అనేవాళ్ల మాట నమ్మకండి. సాయంత్రం పూట మియాపూర్ మెట్రోలో ఫోన్ చూసుకోవడానికే చెయ్యి లేవదు.

అసలు నష్టం వేరే ఉంది. మిడ్స్ ముందు రాత్రి హాస్టల్‌లో ఒక గదిలో పదిమంది చేరతారు. తెలిసినవాడు మిగతావాళ్లకు చెబుతాడు. పాత పేపర్లు, ల్యాబ్ రికార్డులు అన్నీ ఆ గదిలోనే చేతులు మారతాయి. నాకు మర్నాడు వాట్సాప్‌లో మసక ఫోటోలు వచ్చేవి. మ్యాథ్స్ బ్యాక్‌లాగ్ పడ్డాక మా నాన్నే ట్రంకు పెట్టె తెచ్చి దించారు.

బాచుపల్లి పిల్ల

నేను ఒప్పుకోను. మా కాలేజీ ఇటు కాదు, ఇబ్రహీంపట్నం వైపు. ఫస్టియర్ హాస్టల్‌లోనే ఉన్నాను. సెప్టెంబరులో ఒక రాత్రి పదకొండింటికి జ్వరం మొదలైంది. హెల్త్ సెంటర్ ఉంది, కానీ డాక్టర్ సాయంత్రం ఐదుకే వెళ్లిపోతారు. వార్డెన్ మేడమ్ పారాసిటమాల్ ఇచ్చి పొద్దున చూద్దాం అన్నారు. కాలేజీ వ్యాన్ ఉంది, డ్రైవర్ ఊరికెళ్లాడట. క్యాబ్ బుక్ చేస్తే ముగ్గురు ఒప్పుకున్నట్టే ఒప్పుకుని, లొకేషన్ చూసి క్యాన్సిల్ చేశారు. రెండింటికి మా నాన్న బాచుపల్లి నుంచి బండి మీద బయల్దేరారు. డెంగీ అని తేలింది. నాలుగు రోజులు హాస్పిటల్.

108కి ఫోన్ చేయాలని మా గదిలో నలుగురికీ తట్టలేదు. పదిహేడేళ్ల పిల్లలం, భయంలో ఏం తడుతుంది? అందుకే మెస్ మెనూ, వైఫై స్పీడు తర్వాత అడగండి. రాత్రి పూట బండి ఉందా, డ్రైవర్ క్యాంపస్‌లోనే పడుకుంటాడా అన్నది ముందు తేల్చుకోండి.

పాత గచ్చిబౌలి

అమ్మా, దూరం గురించి పెద్దవాడిగా ఒక మాట. సెంట్రల్ యూనివర్సిటీ 1974లో పెట్టినప్పుడు మొదట అబిడ్స్‌లో, సరోజినీ నాయుడు గారి గోల్డెన్ థ్రెషోల్డ్‌లో నడిచింది. తర్వాత గచ్చిబౌలికి మార్చారు. నేను ఎనభైల్లో అక్కడ హాస్టల్‌లో ఉన్నాను. బండరాళ్లు, సీతాఫలం చెట్లు, రాత్రయితే నక్కల కూతలు. ఆఖరి బస్సు తప్పితే ఆ రాత్రి సిటీలో ఎవరో చుట్టాలింట్లోనే. ఇప్పుడు అదే గచ్చిబౌలిలో అడుగు జాగా దొరకదు. కంది ఐఐటీ కూడా అంతే, 2008లో మొదలైనప్పుడు ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో సర్దుకున్నారు. ఈ రోజు అడవి అన్నది రేపు ఊరవుతుంది.

మూడో ఏడు మెకానికల్

సార్, ప్లాటు కొనాలా వద్దా అని కాదు అక్క అడిగింది :) అక్కడ ఊరు పెరిగేలోపు పాప డిగ్రీ అయిపోతుంది.

పాత గచ్చిబౌలి

నిజమే బాబూ, నవ్వొచ్చింది. కానీ ఆ బండరాళ్ల మీద కూర్చున్న సాయంత్రాలే నాకు మిగిలాయి, క్లాసులు కాదు.

ఇంటర్ గండం గట్టెక్కినవాడు

ఒక సంగతి ఎవరూ ఎత్తలేదు. మన పిల్లల్లో చాలామంది ఇంటర్ రెండేళ్లు కార్పొరేట్ హాస్టళ్లలోనే గడిపి వస్తారు. పొద్దున ఐదుకు గంట, స్టడీ అవర్స్, ఆదివారం ఫోన్. ‘హాస్టల్ మావాడికి అలవాటే’ అని ఇంట్లో ధీమా. అక్కడ ఊపిరి తీసుకోవాలన్నా పర్మిషన్ కావాలి, ఇక్కడ క్లాసుకు వెళ్లావా అని అడిగేవాడే ఉండడు. మొదటి రెండు నెలలు నేను మధ్యాహ్నం దాకా పడుకున్నాను. అటెండెన్స్ 75 శాతం దాటదని తెలిశాక కళ్లు తెరిచాను.

ఇంకో మాట: వారం వారం ఇంటికి రానివ్వకండి అక్కా. శుక్రవారం బ్యాగు సర్దుకుని పోయేవాళ్లకు స్నేహాలు కుదరవు. శనివారం రాత్రి టెర్రస్ మీదే అందరూ కలిసేది.

బాచుపల్లి పిల్ల

ఇది మగపిల్లల మాట. మాకు సాయంత్రం ఏడుకే గేటు వేసేవాళ్లు, టెర్రస్‌కు తాళం. శని ఆదివారాలు హాస్టల్‌లో ఉంటే గోడలు చూస్తూ కూర్చోవడమే. నేను ఇంటికెళ్లి, తలస్నానం చేసి, అమ్మ చేసిన పప్పుచారు తిని, ఆవకాయ సీసా నింపుకుని వచ్చేదాన్ని. సోమవారం మా రూమ్‌మేట్లు ఆ సీసా కోసమే ఎదురుచూసేవాళ్లు. స్నేహాలు అలాగే కుదిరాయి.

ఇంటర్ గండం గట్టెక్కినవాడు

గేటు టైము సంగతి నాకు తెలీదు. ఆ లెక్కన నా సలహా పనికిరాదు. మీ మాటే కరెక్ట్.

లెక్చరర్‌ని, పేరు వద్దు

ర్యాగింగ్ మాట రాలేదు కాబట్టి చెబుతున్నాను. మన దగ్గర నిషేధ చట్టం 1997 నుంచి ఉంది. 2009 యూజీసీ నిబంధనల ప్రకారం ఫస్టియర్ వాళ్లను వీలైనంత వరకు విడి బ్లాకులో ఉంచాలి. ఆ బ్లాకు ఏదో మీరే నడిచి వెళ్లి చూడండి, బ్రోషర్ నమ్మకండి. యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 నంబర్ పాప ఫోన్‌లో వేయండి. విడి బ్లాకు అని చెప్పి ఒకే మెస్, ఒకే మెట్లు పెట్టినవి నేను చూశాను.

దిల్‌సుఖ్‌నగర్ అమ్మ

అందరికీ థాంక్స్. నిన్న మళ్లీ వెళ్లాం. బ్లాకు విడిగానే ఉంది, మెస్ మాత్రం ఒకటే. గేటు ఎనిమిదింటికి వేస్తారట. రాత్రి బండి ఉందా అంటే ‘ఉంది మేడమ్’ అన్నారు. డ్రైవర్ నంబర్ అడిగితే ‘వాట్సాప్ చేస్తాం’ అన్నారు. ఇంకా రాలేదు. పాప హాస్టల్‌కే మొగ్గుతోంది, అయితే శనివారాలు ఇంటికి వస్తానంటోంది. ఆ నంబర్ వచ్చి, ఒక రాత్రి పదింటికి చేసి చూసి, అతను ఎత్తితేనే ఫీజు కడతానని మా ఆయనతో ఖరాఖండిగా చెప్పాను. ఆయన అప్పటికే పరుపు, బకెట్టు కొనుక్కొచ్చి వరండాలో పెట్టారు.