టాబ్లెట్ వేసుకుంటే విశ్వాసం లేనట్టేనా?

నిద్రపట్టని_రాత్రి:
అందరికీ వందనాలు. ఏడాదిన్నరగా నాకు యాంగ్జయిటీ ఉంది. గుండె దడ, చేతులు చల్లబడటం, ఊపిరి అందకపోవడం. ఒకసారి ఆరాధన మధ్యలోనే వచ్చింది. చుట్టూ అందరూ చేతులెత్తి పాడుతుంటే నేను ముందున్న కుర్చీ గట్టిగా పట్టుకుని, ఇప్పుడే చచ్చిపోతానేమో అనుకుంటూ నిలబడ్డాను. డాక్టర్ గుండె, థైరాయిడ్ పరీక్షలు చేయించి, అవన్నీ బాగానే ఉన్నాయని చెప్పి మాత్రలు రాశారు. ఎవరికీ కనపడకుండా ఆ షీట్ బైబిల్ కవర్ జిప్పులో పెట్టుకుంటాను. మొన్న సంఘంలో ఒక పెద్దాయన చూసి, "దేనినిగూర్చియు చింతపడకుడి అని వాక్యం చెప్తుంటే దీని మీద ఆనుకుంటున్నావా అమ్మా?" అన్నారు. అప్పటినుంచి మాత్ర మింగిన ప్రతిసారీ తప్పు చేసినట్టుంటోంది. ప్రార్థన ఏనాడూ మానలేదు. రెండూ చేయకూడదా?

వేకువజాము:
సిస్టర్, బాధపెట్టాలని కాదు గానీ ఉన్నమాట చెప్తాను. పెద్దాయన చెప్పిన ఆ వాక్యం, ఫిలిప్పీ పత్రిక 4:6, సలహా కాదు, ఆజ్ఞ. అపొస్తలుడైన పౌలు అది రాసింది సంకెళ్లలో ఉండి. తర్వాతి వచనం చూడండి, మన హృదయాలకూ తలంపులకూ దేవుని సమాధానమే కావలి ఉంటుందని ఉంది. వ్యాపారం పోయినప్పుడు నేనూ నిద్రలేక అల్లాడాను. తెల్లవారుజామున 4 గంటలకు లేచి మోకరించడం మొదలుపెట్టాకే తేరుకున్నాను. మనం చివరిదాకా దేవుని దగ్గర నిలబడం, మధ్యలోనే వేరే దారి వెతుక్కుంటాం. అదే నా బాధ.

మార్త:
షుగర్ మాత్రకి లేని తప్పు దీనికెందుకు?

వేకువజాము:
షుగర్ తెచ్చుకోవద్దని వాక్యంలో ఎక్కడా లేదు. చింతపడవద్దని ఉంది.

బెరయ_చదువరి:
అన్నా, ఆ ఒక్క మాట దగ్గరే ఆగుదాం. గ్రీకులో అక్కడున్నది మెరిమ్నావో అనే క్రియ. అదే పత్రిక 2:20లో తన సహచరుడు తిమోతి ఫిలిప్పీ సంఘం గురించి నిజంగా చింతించేవాడని పౌలు మెచ్చుకుంటూ వాడింది కూడా ఆ క్రియే. 2 కొరింథీ 11:28లో సంఘాలన్నిటి గురించీ తనకు చింత ఉందని తన గురించే రాసుకున్నాడు. చింత మొత్తం పాపమైతే పౌలు తన పాపాన్ని గొప్పగా చెప్పుకున్నట్టవుతుంది. ఇక ఏలీయా ప్రవక్త సంగతి చూడండి, 1 రాజులు 19వ అధ్యాయం. ఇక చాలు, ప్రాణం తీసేయమని చెట్టు కింద పడుకున్నాడు. దేవదూత వచ్చి మందలించలేదు. లేచి తిను అంది. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్లు. తిని మళ్లీ పడుకుంటే రెండోసారీ లేపి తినిపించింది. ఇక్కడేం చేస్తున్నావని దేవుడు అడిగింది 40 రోజులు నడిచి హోరేబు కొండ చేరాకే.

వేకువజాము:
2:20లో ఉన్నది ప్రేమతో కూడిన శ్రద్ధ. 4:6లోది అవిశ్వాసపు దిగులు. పదం ఒకటే అయినంత మాత్రాన అర్థం ఒకటవుతుందా?

బెరయ_చదువరి:
నేను చెప్పేదీ అదే. సందర్భాన్ని బట్టి అర్థం మారుతుందని మీరే ఒప్పుకున్నారు. పాటల మధ్యలో ఏ కారణం లేకుండా ఒళ్లంతా వణకడం ఆ రెండింటిలో ఏది? అది ఆవిడ ఎంచుకున్న ఆలోచనే కాదు.

వార్డు_డ్యూటీ:
నర్సుగా ఒక మాట. యాంగ్జయిటీకి రోజూ వేసుకోమని ఇచ్చే మాత్రలు చాలావరకు పనిచేయడానికి 2 నుంచి 6 వారాలు పడుతుంది. వెంటనే దడ తగ్గించి మత్తుగా ఉంచేవి వేరే రకం, అలవాటయ్యే ప్రమాదం ఎక్కువ ఉన్నవి అవి. మీవి ఏవో డాక్టర్‌నే అడగండి. ఎవరో ఏదో అన్నారని మాత్రం ఒక్కసారిగా మానేయకండి.

వేకువజాము:
మానేయమని నేను అనలేదు. దేని మీద ఆనుకుంటున్నామో చూసుకోమన్నాను.

మార్త:
మా తమ్ముడికీ సరిగ్గా ఇదే మాట చెప్పారు. మానేయమనలేదు, "చూసుకో" అన్నారంతే. వాడు ఉపవాస కూడికలో సాక్ష్యం చెప్పి, మాత్రల డబ్బా తీసుకెళ్లి ముందు బల్ల మీద పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాలుగో రోజుకి తల తిప్పుతోందని, తలలో కరెంటు కొట్టినట్టుందని గోడ పట్టుకుని నడిచాడు. చప్పట్లు కొట్టినవాళ్లలో ఒక్కరూ ఇంటికి రాలేదు. పైగా ఏదో రహస్య పాపం ఉండి ఉంటుందన్నారు. డాక్టర్ మళ్లీ మొదలుపెట్టాక ఇప్పుడు బాగానే ఉన్నాడు, కానీ మందిరం గుమ్మం తొక్కడు. మీ ఆజ్ఞ, మీ గ్రీకు పదం పక్కన పెట్టి దీనికి జవాబు చెప్పండి అన్నా.

గోధుమగింజ:
కొంచెం నెమ్మది. అడిగినావిడ ఇవన్నీ చదువుతున్నారు.

వేకువజాము:
జవాబు చెప్తాను. మీ తమ్ముడికి జరిగింది అన్యాయం. కానీ నాకు రెండోవైపు జరిగింది. నా భార్యకి ఇదే జబ్బు వచ్చినప్పుడు, పాస్టర్ గారిని ఒక్కసారి ఇంటికొచ్చి ఆమె పక్కన కూర్చుని ప్రార్థన చేయమని అడిగాను. "ఇది మానసికం, స్పెషలిస్టుకి చూపించండి" అని ఫోన్‌లోనే చెప్పేశారు. చూపించాం. మూడేళ్లుగా మందు వాడుతోంది. ఈ మూడేళ్లలో ఎవరూ మా గడప తొక్కలేదు, డాక్టర్ చూస్తున్నారుగా అని. ఒక మనిషిని దేవుని ఇంట్లోంచి డాక్టర్ గదిలోకి పంపించి తలుపేసుకోవడం చూశాను నేను. అందుకే "మాత్ర వేసుకోండి" అని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

మార్త:
ఆ సంగతి ముందే చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదు. మీ ఇంటికి ఎవరూ రాకపోవడం తప్పే. కానీ రానిది మనుషులు. ఆ కోపం ఆవిడ జిప్పులో ఉన్న మాత్ర మీద చూపించారు.

వేకువజాము:
కావచ్చు. ఆజ్ఞ అన్న మాట మీద మాత్రం వెనక్కి తగ్గను.

బెరయ_చదువరి:
నేనూ తగ్గను. 88వ కీర్తన చదవండి, వెలుగు కనపడకుండానే, చీకటిలోనే ముగుస్తుంది. అయినా అది ప్రార్థనే.

నిద్రపట్టని_రాత్రి:
అన్నీ చదివాను. రాత్రి మాత్ర వేసుకునే మోకరించాను. దడ మొత్తం పోలేదు కానీ తప్పు చేస్తున్నట్టు అనిపించలేదు. వేకువజాము అన్నా, మీ మీద నాకు కోపం లేదు. వదినగారు ఇప్పుడెలా ఉన్నారు?

వేకువజాము:
పర్వాలేదమ్మా. ఇంకా వాడుతోంది, డాక్టర్ మోతాదు సగానికి తగ్గించారు. కొన్ని రోజులు నాతోపాటు నాలుగింటికి లేస్తుంది, కొన్ని రోజులు లేవలేదు. లేవని రోజున మంచం పక్కనే మోకరిస్తాను.