బామ్ జీసస్‌కి మళ్ళీ సున్నం పూయాలా, వద్దా?

వాస్కోవాణి: పన్నెండేళ్ళుగా గోవాలోని వాస్కోలో ఉంటున్నాను. మనవాళ్ళు ఎవరొచ్చినా పాత గోవాలో బామ్ జీసస్ అనే ఈ బరోక్ (యూరప్‌లో 1600ల నాటి ఆడంబరమైన శైలి) చర్చి చూపించాల్సిందే. ఆ ఎర్రరాయి గోడ ముందు నిలబడి "అబ్బ, ఎంత పాతదో" అంటారు. 1605లో ప్రతిష్ఠ జరిగినప్పటి రూపం కాదది. గోడలకి సున్నం పూత ఉండేది. 1950లలో బాల్తజార్ కాస్ట్రో అనే పోర్చుగీసు వాస్తుశిల్పి ఇంకా పాతగా కనబడాలని గీకించేశాడు. లాటరైట్ అనే ఆ ఎర్రరాయి వానకి దెబ్బతింటోందని 2020లో చర్చి రెక్టరే, అంటే అక్కడి పెద్ద ఫాదరే, మొరపెట్టుకున్నారు. మళ్ళీ పూయాలంటారా?

రాతిపిచ్చి: వద్దు. డెబ్బై ఏళ్ళుగా జనం ఎరిగింది ఈ ఎర్రగోడనే. 1986లో యునెస్కో జాబితాకెక్కిందీ ఇలా ఉండగానే. ఇప్పుడు తెల్లగా పూస్తే కల్యాణమండపంలా ఉంటుంది.

శైలీశాస్త్రి: ముందొక సవరణ. దాని ముఖభాగం బరోక్ కాదండీ. అంతస్తుకో వరుస స్తంభాలు కొలిచి పేర్చిన చదును గోడ, బరోక్‌కి ముందున్న రినైసాన్స్ శైలి చివరి రోజుల పద్ధతి. బరోక్ అంటే గోడే కదలాలి. రోమ్‌లో బొరోమిని కట్టిన సాన్ కార్లో చర్చి చూడండి, ముఖభాగం అలలా వంగి లేస్తుంది. బామ్ జీసస్‌లో బరోక్ ఉన్నది లోపల. పీఠం వెనక బంగారు పూతతో ఆ కొయ్య తెర, మెలితిరిగిన స్తంభాలు, తలెత్తి చూస్తున్న ఇగ్నేషియస్ లొయోలా (జెసూట్ సంఘం పెట్టిన సెయింట్) విగ్రహం. నాటకంలోకి అడుగుపెట్టినట్టుంటుంది.

గానుగసున్నం: శాస్త్రిగారూ, ఆ బంగారు తెర బాగుండాలంటే బయటి గోడ ఆరి ఉండాలా వద్దా? లాటరైట్ నిండా బెజ్జాలే. గోవాలో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. సున్నం అలంకారం కాదు, గోడకి చర్మం. తడి పీల్చినా మళ్ళీ వదిలేస్తుంది. అరిగితే పూతే అరుగుతుంది, ఇంకోసారి పూసుకుంటాం. రాయి అరిగితే ఏం చేస్తారు?

చిన్నారావు_భీమిలి: అక్కడ కారు పెట్టుకోడానికి చోటుందా? వచ్చే నెల వెళ్తున్నాం.

రాతిపిచ్చి: కారితే కప్పు బాగుచేయండి. నాలుగు వందల ఏళ్ళు నిలబడిన గోడ అది.

గానుగసున్నం: అందులో దాదాపు మూడొందల యాభై పూతతోనే నిలబడింది! పక్కనే సే కథీడ్రల్, కాస్త అవతల సెయింట్ కజెటన్ చర్చి, రెండూ తెల్లగానే ఉన్నాయి. ఏదీ కల్యాణమండపంలా లేదే.

శైలీశాస్త్రి: సెయింట్ కజెటన్ అయితే బరోక్‌కి దగ్గరే. రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చిని చూసి కట్టారు. అసలు బరోక్ అన్న మాట పోర్చుగీసు వాళ్ళదే అంటారు, వంకర ముత్యం అని అర్థం.

వాస్కోవాణి: పేరు ఏదైనా పెట్టుకోండి, వానకి శైలి తెలీదు.

గానుగసున్నం: మా నాన్న గానుగలో సున్నం ఆడించి, కరక్కాయ నీళ్ళూ బెల్లమూ కలిపి పూసిన గోడలు ఇప్పటికీ గోరు దిగనివ్వవు. రాతిపిచ్చిగారికి కావాల్సింది గోడ కాదు, ఫోటో.

రాతిపిచ్చి: ఫోటోనా? మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. మా తాతగారి పెళ్ళి జరిగిన గుడి, సున్నపు గోడలు, వాటి మీద లతలు. పదిహేనేళ్ళ కిందట మరమ్మతన్నారు. నేనూ 5,000 చందా ఇచ్చాను. సున్నం చెక్కేసి సిమెంటు కొట్టారు. రెండు వానాకాలాలకే చెమ్మెక్కి పెచ్చులూడితే, దాని మీద బాత్రూం టైల్స్ అంటించారు. పీఠం వెనకున్న కొయ్యపని ఏమైందో చెప్పేవాడు లేడు. మా అమ్మ పోయేదాకా పూజకి పక్క ఊరే వెళ్ళింది. పూత అనగానే మీకు గానుగ కనబడుతుంది, నాకు సిమెంటు బస్తా కనబడుతుంది.

వాస్కోవాణి: అయ్యో.

గానుగసున్నం: ఆ ఫోటో మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇదేదో మొదటే చెప్పి ఉంటే సరిపోయేది కదండీ. సిమెంటయితే నేనూ వద్దనేవాడినే, లోపలి తడిని లోపలే బిగించేస్తుంది.

రాతిపిచ్చి: పని ఎవరి చేతికి వెళ్తుందో మీరు పూచీ పడతారా?

గానుగసున్నం: పడలేను. పురావస్తు శాఖ వాళ్ళని వెనక గోడకి ఓ మూల నాలుగు గజాలు పూసి, మూడు వానాకాలాలు చూడమందాం. బాగోకపోతే సున్నాన్ని గీకెయ్యొచ్చు, సిమెంటులా రాయిని పట్టుకుని రాదు.

రాతిపిచ్చి: వెనక గోడయితే సరే. ముఖభాగం జోలికి మాత్రం రావద్దు.

శైలీశాస్త్రి: ముఖభాగం ఎలాగూ బరోక్ కాదని మొదటే చెప్పాను.