సైట్ పనిలో నిద్ర పట్టకపోవుడు, గుండె దడ... ఇంకెవరికన్న ఉందా?

సెంట్రింగ్ తమ్ముడు:
అన్నలూ మాది జగిత్యాల దిక్కు, దుబాయిల సెంట్రింగ్ పని చేస్త, వచ్చి ఏడాదిన్నర. రెండు నెలల సంది నిద్ర పడ్తలేదు, పడ్డా రెండింటికే మెలకువ అయితది, నాలుగున్నరకు బస్సు, ఇగ అప్పటిదాక పై బెడ్డు మీద సెల్లు చూసుకుంట పండుడే. ఎత్తంటే నాకు భయం లేదు, 18వ ఫ్లోర్ అంచుకు నిలవడి షట్టరింగ్ కొట్టినోణ్ణి. మొన్న మూడో ఫ్లోర్లనే చేతులు వణికినయ్. దడ వస్తుందని క్లినిక్‌కు పోతే ఈసీజీ తీసి ఏం లేదు పో అన్నరు. ఇంటికి ఫోన్ జేస్తే మంచిగనే ఉన్న అంట. ఇదేం రోగం?

కువైట్ రిటర్న్:
తమ్మీ ముందుగాల అప్పు ఎంతుందో చెప్పు

సెంట్రింగ్ తమ్ముడు:
వీసాకు 1,80,000 తెచ్చిన, రెండ్రూపాల మిత్తి. జీతం రెండు నెలల సంది ఆగింది

కువైట్ రిటర్న్:
గదే మరి. నెలకు 3,600 మిత్తికే పాయె, అసలు అట్లనే ఉంటది. నాక్కూడ గిట్లనే అయ్యింది, కంపెనీల నుంచి బయటపడి కల్లివెల్లి అయిన (అంటే కాయిదాల్లేకుండ దాక్కుంట పనిచేసుడు), పోలీసోళ్ళ బండి సప్పుడైతే చాలు కడుపుల దేవినట్టు అయ్యేది. ఇంటికొచ్చి ఆరేండ్లయినా ఇప్పటికి అంబులెన్స్ సైరన్ ఇంటే లేచి కూసుంట. కాలు ఇరిగితే నలుగురికి కనవడ్తది, దీనికి ఏం జూపియ్యాలె చెప్పు.

రాకీ 99:
మా తాతలు రాళ్ళు కొట్టి బతికారు, వాళ్ళకి లేని డిప్రెషన్ మీకేంటి. పని చేసి అలిసిపోతే నిద్ర అదే వస్తుంది

మేస్త్రి కూతురు:
రాకీ గారూ మీ తాతగారు రోజూ సాయంత్రం ఏం చేసేవారో ఒకసారి మీ నాయనమ్మని అడగండి.
మా నాన్న తాపీమేస్త్రి, మాది శ్రీకాకుళం జిల్లా, సగం ఊరు చెన్నై సైట్లలోనే ఉండేది. 2014 జూన్ 28న మౌలివాక్కంలో 11 అంతస్తుల బిల్డింగ్ కూలి 61 మంది పోయారు కదా, అందులో మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు చాలామంది. నాన్న వేరే సైట్‌లో ఉన్నాడు, మా ఊరివాళ్ళని గుర్తుపట్టడానికి మార్చురీకి వెళ్ళాడు. అంతే. అప్పట్నుంచి వాన పడితే ఇంట్లో పడుకోడు, అరుగు మీద కూర్చుంటాడు. అమ్మేమో చాన్నాళ్ళు మందు వల్లే ఇలా అయ్యాడనుకుంది, కానీ మందు ఎక్కువైంది ఆ తర్వాతే. పోయినవాళ్ళ ఇళ్ళకి అందరూ వచ్చారు, చూసొచ్చినవాళ్ళని మాత్రం ఎవ్వరూ అడగలేదు. డాక్టర్ అంటే నన్ను పిచ్చోణ్ణి చేస్తావా అని 20 రోజులు మాట్లాడలేదు, చివరికి బీపీ చెకప్ అని అబద్ధం చెప్పి తీసుకెళ్ళా. ఇప్పుడు మాత్రలు వాడుతున్నాడు, మానేస్తాడు, మళ్ళీ వాడతాడు.

సైట్ ఇంజనీర్ మియాపూర్:
నేను అవతలి వైపు మనిషిని, తిట్టుకున్నా పర్లేదు. మా దగ్గర పొద్దున్నే హెల్మెట్, బెల్ట్ అని పది నిమిషాలు చెప్తాం, రాత్రి పడుకున్నావా అని ఎవరూ అడగరు. స్లాబ్ పోసే రోజు అర్ధరాత్రి దాటుతుంది, మళ్ళీ ఎనిమిదికల్లా హాజరు. ఒక కుర్రాడు కళ్ళు తిరిగి పరంజా మీంచి పడ్డాక (బతికాడు) నేనే అడగడం మొదలుపెట్టా, నిద్ర లేదన్నవాళ్ళని కింద పనిలో వేసేవాణ్ణి. వారం తిరక్కుండా అందరూ బాగా పడుకున్నాం సార్ అంటున్నారు! ఎందుకా అని చూస్తే పై పనికి కూలి ఎక్కువ, కింద వేస్తే మేస్త్రి కోసేస్తున్నాడు. కూలి కొయ్యొద్దని గట్టిగా చెప్పాక ఇద్దరు ముగ్గురు నిజం చెప్పారు.
తమ్ముడూ, ఇండియాలో అయితే 14416, టెలీ మానస్ అని మనసు బాగోలేనప్పుడు మాట్లాడే గవర్నమెంట్ హెల్ప్‌లైన్, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు. నీకు దుబాయ్‌లో మన కాన్సులేట్ వాళ్ళ హెల్ప్‌లైన్ 80046342 ఉంది, జీతం సంగతీ ఇదీ రెండూ చెప్పు. వణుకుతున్న చేతుల్తో మాత్రం పైకి ఎక్కకు.

కువైట్ రిటర్న్:
ఇంట్ల ఒక్కలకన్న నిజం చెప్పు తమ్మీ. మా అవ్వకు నేనొచ్చినంక తెలిసింది, ఇప్పటికి తిడ్తది

సెంట్రింగ్ తమ్ముడు:
రాత్రి మా అన్నకు చెప్పిన. తిడ్తడు అనుకున్న, జరసేపు సప్పుడు జెయ్యలే, తర్వాత టికెట్ పైసల్ పంపాల్నారా అన్నడు. వద్దన్న. ఫోర్మెన్‌కు చేతులు వణుకుతున్నయని మాత్రం చెప్పిన, నిద్ర సంగతి చెప్పలే, వారం రోజులు కింద రాడ్డు పనికి ఏసిండు. ఆ నంబర్‌కు ఇయ్యాల పనికెళ్ళి వచ్చినంక చేస్త. బస్సు హారన్ కొడ్తుండు, పోతున్న.