కీట్స్ ‘డార్క్‌లింగ్’: చీకట్లో ఉన్నది ఎవరు?

ప్రశ్న: అందరికీ నమస్తే. మాది కడప, డిగ్రీలో ఇంగ్లిష్ లిటరేచర్. ఇంగ్లిష్ కవి కీట్స్, రాత్రిపూట పాడే నైటింగేల్ పక్షి మీద రాసిన పద్యంలో ‘డార్క్‌లింగ్ ఐ లిజన్’ అని వస్తుంది. నా దగ్గరున్న గైడ్‌లో ‘చీకటి’ అని మాత్రమే ఇచ్చినారు. ‘చీకటితోనే వింటున్నాను’ అంటే సరిపోతుందా అన్నా?

జవాబు: సరిపోదమ్మా. ‘చీకటితోనే లేచి చేనికి పోయినాడు’ అంటే మనకు తెల్లారకముందే అని అర్థం. అది వేళ చెప్పే మాట. డార్క్‌లింగ్ వేళ చెప్పదు. కంటికేమీ ఆనకుండా, చీకట్లో ఉండి ఆ పని చేస్తున్నాడని చెబుతుంది. చివర ‘ఇంగ్’ ఉంది కదా అని క్రియ అనుకోవద్దు. అక్కడున్నది ‘లింగ్’, క్రియా విశేషణాలను చేసే పాత ప్రత్యయం. హెడ్‌లాంగ్, సైడ్‌లాంగ్ కూడా ఒకప్పుడు హెడ్‌లింగ్, సైడ్‌లింగే.

దానికి ముందు చరణం ఒకసారి నిదానంగా చదువు. కాళ్ల దగ్గర ఏ పూలున్నాయో కనబడడం లేదంటాడు. వాసన పట్టి ఒక్కొక్కటే పోల్చుకుంటాడు: తెల్ల హాథార్న్, ఆకుల చాటున వాడిపోతున్న వయొలెట్లు, పూయబోతున్న మస్క్‌రోజ్. ఆ వెంటనే, కొత్త చరణంలో మొదటి మాటే డార్క్‌లింగ్. అంతవరకూ ముక్కు, ఇక చెవి.

ఈ మాట ఇంగ్లిష్ కవి మిల్టన్‌లోనూ ఉంది. ఆయన కావ్యం ‘పారడైజ్ లాస్ట్’ (1667) మూడో భాగంలో, చూపు పోయిన మిల్టన్ వెలుగును స్తుతిస్తూ, తనను చీకట్లో పాడే పక్షితో పోల్చుకుంటాడు. అక్కడ డార్క్‌లింగ్ పాడే పక్షిది. 1819లో కీట్స్ దాన్ని వినే మనిషికిచ్చాడు. ఆ పద్యంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే. అందుకే తెలుగులో చీకటి పక్షికో, పాటకో అంటకూడదు. ‘చీకట్లోనే ఉండి వింటున్నా’ అని రాస్తే చాలు.

అనంతపురం నుంచి ఇంకొకరు: మరి ఇంగ్లిష్ కవి హార్డీ ‘డార్క్‌లింగ్ థ్రష్’ అని థ్రష్ పక్షిని అన్నాడు కదా సార్, అది విశేషణమే కదా?

జవాబు: అవునండీ. 1900 చివర అచ్చయిన పద్యం అది, అప్పటికి వాడుక మారింది. 1867లోనే ఆర్నాల్డ్ అనే కవి ‘డార్క్‌లింగ్ ప్లెయిన్’ (చీకటి మైదానం) అన్నాడు. ‘డార్కిల్’ (చీకటవడం) అనే క్రియ కూడా దీన్నుంచే పుట్టింది. పాత వాడుక తేటగా చూడాలంటే షేక్‌స్పియర్ నాటకం ‘కింగ్ లియర్’లో విదూషకుడి మాట చదవండి: దీపం ఆరిపోయింది, మేం డార్క్‌లింగ్ మిగిలాం అంటాడు. కరెంటు పోయినప్పుడు మనం ‘చీకట్లో కూర్చున్నాం’ అనేది అచ్చంగా అదే.