మే నెలలో రెండు రాత్రులు టెంటు: బారువా, తాటిపూడా, మహేంద్రగిరా?

కంటోన్మెంట్ లక్ష్మి: విజయనగరం నుంచి బయల్దేరతాం. ఇద్దరు పిల్లలు, టెంట్లు మావే. మావారు బారువ బీచ్ అంటున్నారు. మా మరిది మహేంద్రగిరి చల్లగా ఉంటుందంటాడు. నాకేమో తాటిపూడి రిజర్వాయరైతే దగ్గర కదా అని. ఎటెళ్లమంటారు?

ఉద్దానం బావు: ఇంకేటి ఆలోచన అక్కా, బారువే. సాయంత్రమైతే సముద్రం గాలి, మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌస్, సరుగుడు తోటల నీడ. తాటిపూడిలో వేసవికి నీళ్లు దిగిపోయి ఒడ్డంతా బురదే.

గోస్తని గట్టు: తోటల నీడ సెప్పినోడివి ఎలుగుల మాట సెప్పవేటి బావూ? మే అంటే జీడిపళ్లు, పనసపళ్ల కాలం. ఆ వాసనకి ఎలుగుబంట్లు తోటల్లోకొస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడికి ఒక రైతు పోయాడు, మరికొందరు గాయపడ్డారు. పిల్లలతో వచ్చేవాళ్లకి ముందు అది సెప్పాలి.

ఉద్దానం బావు: అది వజ్రపుకొత్తూరు, ఇది సోంపేట మండలం. ఎలుగులు మా వైపు అసలు లేవని నేననట్లేదులే. తోటలో వెయ్యొద్దు, ఊరికి దగ్గరగా ఇసక మీద వేసుకోండి. సరేనా?

టెంటు మాస్టారు: మీ ఇద్దరి గొడవలో గాలి సంగతి మర్చిపోయారు. మేలో పగలంతా ఎండ మాడ్చేసి, సాయంత్రానికి పడమటి కొండల మీద మబ్బు నల్లబడిందంటే అరగంటలో గాలివాన. ఇసకలో మేకు ఆగదు. ఖాళీ సిమెంటు సంచిలో ఇసక నింపి, మధ్యలో తాడు కట్టి, మోకాలి లోతు గోతిలో అడ్డంగా పాతండి, అదైతే కదలదు. అదే గాలివాన మహేంద్రగిరి మీద పట్టుకుంటే పిడుగుల భయం. 1501 మీటర్ల ఎత్తు, తలదాచుకోడానికి పాత గుళ్లు తప్ప ఏముంటాయి? పైగా అది ఒడిశా గజపతి జిల్లా, అక్కడి అటవీ శాఖనడగాలి. మీ మరిది మాట చలికాలానికి దాచుకోండి.

ఇంకోటి. బారువ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. వేసవి రాత్రుల్లో తాబేలు పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని బయటికొచ్చి, వెలుతురు కనిపించినవైపు పాకుతాయి. సముద్రం వైపు పోవాల్సినవి మీ లైటు దగ్గరికొస్తాయి. అంచేత పెద్ద లైట్లు వద్దు.

కంటోన్మెంట్ లక్ష్మి: మరి తాటిపూడి బురద సంగతి నిజమేనా?

గోస్తని గట్టు: ఒడ్డు దాకా పోతే బురదే, కాదనను. కాస్త పైన, చెట్ల కింద ఎవరి జాగా అయితే వాళ్లనడిగి వేసుకోండి. విశాఖకి తాగునీరు పోయేది అక్కణ్నుంచే, గిన్నెలూ బట్టలూ అందులో ఉతక్కండి. తెల్లారగానే కొండల మీంచి చల్లగాలి దిగుతుంది. బారువలో అదే టైంకి గాలాగిపోయి ఉక్కపోత.

ఉద్దానం బావు: ఉక్కపోతకి ఒప్పుకున్నాను. డిసెంబర్లో రా అక్కా, దార్లో తేలినీలాపురంలో పెలికాన్లు కూడా చూపిస్తాను.

కంటోన్మెంట్ లక్ష్మి: ఈసారికి తాటిపూడే. మావారిని ఒప్పించడం నా తిప్పలు. మాస్టారూ, ఆ మట్టిలో మామూలు మేకులు సరిపోతాయా, సంచులు పట్టుకెళ్లాలా?

టెంటు మాస్టారు: మేకులు చాలు, పొడుగువి తీసుకోండి. సుత్తి మర్చిపోకండి, మేలో ఆ నేల రాయిలా గట్టిపడుంటుంది.