తుప్పుపట్టిన స్తంభానికి ఫైబర్ చుట్టు: చికిత్సా, ముసుగా?

చర్చాంశం: చువ్వలు తుప్పుపట్టి పైపొర రాలుతున్న కాంక్రీటు స్తంభాలకు కార్బన్ ఫైబర్ గుడ్డను ఎపాక్సీ అనే గట్టి జిగురుతో చుట్టడం సరైన మరమ్మతేనా?

మొదటి సభ్యుడు: సరైనదేనని నా అభిప్రాయం. బరువు కింద నలిగే కాంక్రీటు పక్కలకు ఉబ్బబోతే చుట్టు దాన్ని బిగించి పట్టుకుంటుంది కనుక, స్తంభం మోసే బరువుతో పాటు భూకంపంలో ఒక్కసారిగా కూలకుండా వంగి తట్టుకునే గుణమూ పెరుగుతుంది. 1995 నాటి కోబే భూకంపం తరువాత జపానులో ఈ పద్ధతి విస్తరించడానికి కారణం ఇదే. కాంక్రీటు జాకెట్, అంటే చుట్టూ అదనపు కాంక్రీటు పొర, వేస్తే స్తంభం బాగా లావెక్కుతుంది. ఈ చుట్టు మందం కొన్ని మిల్లీమీటర్లే.

రెండవ సభ్యుడు: మీరు చెప్పినదంతా బరువుకు సంబంధించినది, ఇక్కడి జబ్బు తుప్పు. కాంక్రీటులోకి ఇప్పటికే చేరిన క్లోరైడ్‌ను, అంటే ఉక్కును తుప్పుపట్టించే ఉప్పు అంశాన్ని, ఏ చుట్టూ బయటికి తీయదు. పునాది వైపు నుంచి తేమ ఎక్కుతూనే ఉంటే లోపల తుప్పు సాగుతుంది, పైగా ప్రమాదాన్ని ముందుగా చెప్పే పగుళ్లు ఇక కంటికి కనబడవు. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే. కార్బన్ నేరుగా ఉక్కుకు తగిలితే ఆ ఉక్కు మరింత వేగంగా తినివేయబడుతుంది. చతురస్రపు స్తంభంలో బిగింపు ప్రధానంగా మూలల దగ్గరే పనిచేస్తుంది. అందుకే అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ మార్గదర్శిని మూలలను కనీసం 13 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా చెక్కమంటుంది.

మొదటి సభ్యుడు: తుప్పును వదిలేసి చుట్టమని నేను అనలేదు. చెడిన కాంక్రీటును చువ్వల వెనుక దాకా చెక్కి, చువ్వలను శుభ్రపరిచి, అవసరమైన చోట జింక్ ఆనోడ్లు (ఉక్కుకు బదులు తాము తినివేయబడే జింక్ ముక్కలు) అమర్చి, మరమ్మతు మోర్టార్ నింపిన తరువాతే చుట్టాలి. అప్పుడు చుట్టు కొత్త తేమను, ప్రాణవాయువును చాలావరకు అడ్డుకుంటుంది.

రెండవ సభ్యుడు: ఆ క్రమం పాటిస్తే నా అభ్యంతరం సగం తీరుతుంది. మిగతా సగం నిప్పు గురించి. సాధారణ ఎపాక్సీలు 60 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ మధ్యనే మెత్తబడతాయి. అందువల్ల చుట్టు పూర్తిగా పోయినా, స్తంభం తన శాశ్వత భారానికి (కట్టడపు సొంత బరువుకు) 1.1 రెట్లు, వినియోగ భారానికి (మనుషులు, సామాన్ల బరువుకు) 0.75 రెట్లు కలిపి మోయగలగాలని అదే మార్గదర్శిని చెబుతుంది. మీ స్తంభంలో మిగిలిన చువ్వల మందాన్ని కొలిచి ఈ లెక్క వేశారా? అందులో నెగ్గని స్తంభానికి నేనైతే జాకెట్‌నే సూచిస్తాను.