జావా రిఫ్లెక్షన్‌లో నల్ (విలువ లేకపోవడం) వస్తే మీరెలా చూసుకుంటున్నారు?

గోదారిగట్టు
రిఫ్లెక్షన్‌తో, అంటే ప్రోగ్రాం నడుస్తుండగానే ఆబ్జెక్టులోని ఫీల్డులు, మెథడ్‌లు చూసి వాడుకునే పద్ధతితో, రెండు ఆబ్జెక్టులను పోల్చి, ఏ ఫీల్డు మారిందో ఆడిట్ టేబుల్‌లో రాసే కోడ్ నాది. ఫీల్డ్.గెట్‌తో విలువ తెచ్చి, దానిమీద గెట్‌క్లాస్ పిలిచి, టైపును బట్టి ఫార్మాట్ చేస్తున్నాను. టెస్టులన్నీ పాసయ్యాయి. ప్రొడక్షన్‌లో ఈమెయిల్ ఇవ్వని కస్టమర్ ఒకరు రాగానే నల్‌పాయింటర్ ఎక్సెప్షన్ (నల్ మీద మెథడ్ పిలిస్తే వచ్చే ఎర్రర్). నిన్నటి నుంచి ఒకటే టెన్షన్. ప్రతి చోటా ఇఫ్ పెట్టుకుంటూ పోవాల్సిందేనా?

కోడ్‌సేద్యం
అక్కర్లేదండీ. టైపు కోసం విలువను అడగడం దగ్గరే చిక్కు వచ్చింది. విలువ లేకపోయినా ఫీల్డుకు టైపు ఉంటుంది కాబట్టి ఫీల్డ్.గెట్‌టైప్ వాడండి. కాకపోతే అది డిక్లేర్ చేసిన టైపునే ఇస్తుంది. ఆబ్జెక్ట్ అని డిక్లేర్ చేసిన దాంట్లో స్ట్రింగ్ ఉన్నా ఆబ్జెక్ట్ అనే చెబుతుంది. పోల్చడానికి ఆబ్జెక్ట్స్.ఈక్వల్స్ చాలు, ఎటువైపు నల్ ఉన్నా పడిపోదు.

ఓరుగల్లు_జావా
రిఫ్లెక్షన్‌లో మెథడ్‌ని పిలిచే ఇన్వోక్ దగ్గర ఇంకో గుంట ఉంది, అందులో నాకు ఒక రోజంతా పోయింది. ఒక్క పారామీటర్ ఉన్న సెట్టర్‌కి (ఫీల్డులో విలువ పెట్టే మెథడ్‌కి) నల్ పంపాను. ఆర్గ్యుమెంట్ల సంఖ్య తప్పని ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్ వచ్చింది. ఇన్వోక్ వేరార్గ్స్ (ఎన్ని ఆర్గ్యుమెంట్లయినా) తీసుకుంటుంది కదా, ఉత్త నల్ ఇస్తే ఆర్గ్యుమెంట్ల అర్రేనే నల్ అనుకుంటుంది, అంటే ఏమీ పంపనట్టే. నల్‌ని ఆబ్జెక్ట్‌కి కాస్ట్ చేసి పంపాలి. కంపైలర్ వార్నింగ్ ఇస్తూనే ఉంది, నేనే చూడలేదు.

పారామీటర్ ఇంట్ లాంటి, నల్ పట్టని ప్రిమిటివ్ టైపు అయితే కాస్ట్ చేసినా మళ్లీ అదే ఎక్సెప్షన్. ముందే ఈజ్‌ప్రిమిటివ్ చూసుకోండి. అక్కడ నల్ బదులు సున్నా పెట్టేయమని కొందరు చెబుతారు, నేను మాత్రం ఒప్పుకోను. బ్యాలెన్స్ సున్నా అవడం, బ్యాలెన్స్ తెలియకపోవడం ఒకటి కావు.

గోదారిగట్టు
థ్యాంక్స్ అండీ, ఇద్దరికీ. ఇంకొకటి, ఇన్వోక్ చుట్టూ నల్‌పాయింటర్‌కి క్యాచ్ పెట్టాను, ఒక్కసారీ పట్టుకోలేదు.

కోడ్‌సేద్యం
పిలిచిన మెథడ్ లోపల పడితే అది ఇన్వొకేషన్ టార్గెట్ ఎక్సెప్షన్‌లో చుట్టుకుని వస్తుంది. గెట్‌కాజ్‌తో లోపలి అసలు ఎక్సెప్షన్ తీసి దాన్ని లాగ్ చేయండి. జావా 15 నుంచి ఏది నల్ అయిందో మెసేజ్‌లోనే చెబుతుంది. 14లో ఐతే ఆప్షన్ ఆన్ చేయాలి. నేరుగా నల్‌పాయింటరే వస్తే మాత్రం స్టాటిక్ కాని మెథడ్‌కి ఆబ్జెక్ట్ బదులు నల్ ఇచ్చారేమో చూడండి.

ఓరుగల్లు_జావా
ఇన్వోక్ నల్ తిరిగిచ్చినంత మాత్రాన విలువ లేదనుకోవద్దు. వాయిడ్ మెథడ్ కూడా నల్లే ఇస్తుంది. గెట్‌రిటర్న్‌టైప్ చూశాకే ఆడిట్‌లో రాయండి.

గోదారిగట్టు
గెట్‌టైప్‌కి మార్చాక ఆ కస్టమర్ రికార్డు ఎర్రర్ లేకుండా వెళ్లింది. సెట్టర్లలో మూడు చోట్ల ఉత్త నల్ పంపుతున్నాను, అవి ఈ రాత్రికే సరిచేస్తాను.